మేడమీది గదుల అద్దె ఎవరి ఆదాయం?

నవంబరు వచ్చిందంటే చాలు, శనివారం రాత్రుళ్లు మా నర్సీపట్నానికి నిద్ర ఉండదు. విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, ఆఖరికి హైదరాబాదు నుంచి కూడా కార్లూ మోటారు సైకిళ్లూ బారులు తీరి చింతపల్లి రోడ్డు పడతాయి. అందరిదీ ఒకటే హడావుడి. తెల్లారేసరికి లంబసింగి చేరాలి, చెరువులవేనం కొండెక్కి కాళ్ల కింద మబ్బుల్ని చూడాలి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరిని పేపర్లవాళ్లు 'ఆంధ్రా కాశ్మీరం' అన్నారు గానీ, అక్కడివాళ్లు ఏనాడో 'కొర్రబయలు' అని పేరు పెట్టుకున్నారు. ఆరుబయట ఉంటే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం.

వచ్చినవాళ్లందరికీ హోటళ్లు చాలవు. అందుకని కొండమీద గుడారాలు వెలిశాయి. కొండ కింద మా ఊళ్లో మేడమీది గదులు తెరుచుకున్నాయి. పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో వెళ్లిపోయాక బూజు పట్టిన గదికి సున్నం వేయించి, రెండు దుప్పట్లు కొని, గీజరు పెట్టిస్తే సరి. రాత్రికి వెయ్యో, పదిహేను వందలో వస్తాయి.

మరి ఈ పనంతా చేసేదెవరు? అర్ధరాత్రి గేటు తీసేది, పరుపు మీద దుప్పటి మార్చేది, బాత్రూము కడిగేది, "టీ దొరుకుతుందా ఆంటీ?" అంటే పొయ్యి వెలిగించేది ఇల్లాలే కదా! కానీ గేటు పక్కన గోడకి అతికించిన క్యూఆర్ కోడు చూడండి. నూటికి తొంభై ఇళ్లల్లో అది ఆయనగారి పేరునో, అబ్బాయి పేరునో ఉంటుంది. "మీరేం చేస్తుంటారండీ?" అని ఆవిడని అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఈ 'ఏమీ లేదు' గురించే. దానికీ ఆదాయపు పన్నుకీ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

నాలుగు రాత్రులైనా ఆదాయమే

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. నెలనెలా వచ్చే అద్దె అయితేనే పన్ను లెక్క గానీ, చలికాలంలో నాలుగు శని, ఆదివారాలు గది ఇస్తే అదేం ఆదాయం అని. అమెరికాలో అలాంటి వెసులుబాటు ఉన్నమాట నిజమే. సొంతింటిని ఏడాదిలో 14 రోజులు మించకుండా అద్దెకిస్తే ఆ డబ్బు లెక్కలో చూపనక్కర్లేదు. బ్రిటన్‌లో తాముండే ఇంట్లోనే సామాన్లతో సహా గది అద్దెకిచ్చేవాళ్లకి ఏడాదికి 7,500 పౌండ్ల దాకా పన్ను లేదు. అక్కడున్న మన పిల్లలు ఫోనులో చెబుతుంటారు, మనం ఇక్కడా అంతే అనుకుంటాం.

మన దేశంలో అలాంటి మినహాయింపు లేదు. ఒక్క రాత్రి ఇచ్చినా అది ఆదాయమే. అయితే ఆదాయం అయినంత మాత్రాన పన్ను పడుతుందని కాదు. ఈ రెండిటినీ కలిపేసుకునే మనం భయపడుతున్నాం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో మొదటి 4 లక్షల రూపాయల ఆదాయం మీద పన్నే లేదు. ఆపైన శ్లాబుల ప్రకారం లెక్క వేసినా, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనివారికి రిబేటు రూపంలో ఆ పన్ను మాఫీ అవుతుంది. రెండు గదుల మీద వచ్చే డబ్బు తప్ప వేరే ఆదాయం లేని ఇల్లాలు పన్ను కట్టే ప్రసక్తే రాదు. తాడును చూసి పామనుకోవడం మన వంతవుతోంది.

అద్దె వేరు, ఆతిథ్యం వేరు

లెక్క ఎలా వేస్తారో మా ఇంటి సంగతే చెబుతాను. మేడమీద రెండు గదులున్నాయి. గది, దుప్పట్లు, వేడినీళ్లు, అంతే. భోజనాలు పెట్టను. కిందటి చలికాలం ఒక్కో గది 40 రాత్రులు వెళ్లింది. రాత్రికి రూ. 1,500 చొప్పున రెండు గదులకీ కలిపి రూ. 1,20,000 వచ్చింది. ఇందులోంచి ఆ భాగానికి మునిసిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను రూ. 4,000 తీసేస్తే రూ. 1,16,000 మిగిలింది. దీంట్లో 30 శాతం, అంటే రూ. 34,800, మరమ్మతులూ అవీ అని చట్టమే తగ్గించేస్తుంది. రసీదులు చూపించమని అడగరు. మిగిలిన రూ. 81,200 నా ఆదాయం.

సబ్బులు, చాకలి ఖర్చు, కరెంటు బిల్లు విడిగా తగ్గించమంటే కుదరదు. అవన్నీ ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి. ఇల్లు కట్టడానికో, కొనడానికో తెచ్చిన అప్పు ఉంటే, అద్దెకిచ్చిన భాగానికి పడే వడ్డీని మాత్రం తగ్గించుకోవచ్చు. ఇదంతా 'ఇంటి మీద వచ్చే ఆదాయం' పద్దు. కొందరు ఇలాంటి అద్దెను వ్యాపారం కింద చూపించి ఖర్చులన్నీ రాసేసుకుంటున్నారని 2024 జూలై బడ్జెట్టులో స్పష్టంగా చెప్పేశారు. యజమాని నివాసపు ఇంటినో, అందులో కొంత భాగాన్నో అద్దెకిస్తే అది ఇంటి ఆదాయమే గానీ వ్యాపారాదాయం కాదని.

మరి గదితో పాటు పొద్దున్నే ఇడ్లీ, రాత్రికి బొంగు చికెను, కొండమీదికి జీపు కూడా ఏర్పాటు చేసేవాళ్ల సంగతో? అది ఉత్త అద్దె కాదు, ఆతిథ్యం. వ్యాపారం పద్దులోకి వెళుతుంది. చిన్న వ్యాపారాలకి ఒక సులువు మార్గం ఉంది. ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేకుండా, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో వచ్చిన డబ్బులో 6 శాతం, నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం లాభంగా చూపించవచ్చు. మూడు లక్షలూ ఫోను ద్వారానే వచ్చాయనుకోండి, రూ. 18,000 లాభం అన్నమాట. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపించాలని మాత్రం మరిచిపోకూడదు. మీది అద్దెకి, ఆతిథ్యానికి మధ్య ఊగిసలాడే వ్యవహారమైతే ఒక్కసారి ఆడిటరు దగ్గర కూర్చుని తేల్చుకోవడం మేలు.

"ఇల్లు ఎవరిదండీ?"

అసలు కథ ఇక్కడుంది. రిటర్ను వేసే రోజులు రాగానే మావారు, "ఆ లక్షా ఇరవై వేలూ నా రిటర్నులో కలిపేస్తే పోతుంది. నీకెందుకు ఈ కాగితాల గోల?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. మన ఇళ్లల్లో ఇలాంటివన్నీ ప్రేమతోనే జరుగుతాయి. ఆయన జీతం ఏడాదికి పన్నెండున్నర లక్షలు. ఆ మాటే ఆడిటరుగారి దగ్గర కూడా అన్నారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఇల్లు ఎవరిదండీ?" అని అడిగారు.

ఇల్లు నాది. మా నాన్నగారు కట్టించి నా పేరున గిఫ్టు డీడు రాసిచ్చినది. 

"అలాగైతే అద్దె కూడా అమ్మగారిదే. మీ రిటర్నులో చూపించడానికి మీకు హక్కు లేదు" అన్నారాయన. మావారి మొహం చూడాలి! ఊరికే ఉంటే బాగుండదని ఆడిటరుగారు కాగితం తీసి లెక్క కూడా వేశారు. పన్నెండున్నర లక్షల జీతంలో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోతే 11,75,000. పన్నెండు లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా. దానికి మేడమీది గదుల రూ. 81,200 కలిపితే 12,56,200. గీత దాటేసింది. కొంత ఉపశమనం ఇచ్చాక కూడా సెస్సుతో కలిపి కట్టాల్సింది రూ. 58,448. లేని హక్కుకి పోయి, ఎనభై ఒక్క వేల కోసం యాభై ఎనిమిది వేలు సమర్పించుకోవడం! అదే నా పేరున చూపిస్తే పన్ను సున్నా.

అయితే దీన్ని చూసి, "రేపే ఇల్లు మా ఆవిడ పేరున రాసేస్తాను" అని ఎవరైనా బయల్దేరితే ఆగమనండి. భర్త తన ఇంటిని డబ్బు పుచ్చుకోకుండా ఉత్తినే భార్య పేరున మార్చినా, ఆ అద్దెను చట్టం భర్త ఆదాయంగానే లెక్కిస్తుంది. పుట్టింటివారు ఇచ్చిన ఇల్లు, అమ్మ వీలునామాలో రాసినది, సొంత సంపాదనతోనో స్త్రీధనంతోనో కొనుక్కున్నది అయితే ఆ తిరకాసు లేదు. ఇద్దరూ డబ్బు పెట్టి ఇద్దరి పేరునా కొన్న ఇల్లయితే వాటాల ప్రకారం ఎవరిది వారు చూపించుకోవాలి. డబ్బు ఎవరి ఖాతాలో పడింది, క్యూఆర్ కోడు ఎవరిది అన్నదాన్నిబట్టి అద్దె ఎవరిదో తేలదు. ఇల్లెవరిదో అద్దె వారిది.

ఇల్లు భర్తదే అనుకోండి. గది అద్దె ఆయనదే. కానీ అతిథులకి వండి పెట్టే పని మీరు నిజంగా సొంతంగా నడుపుతుంటే, సరుకులు మీ డబ్బుతో తెచ్చి, బిల్లు విడిగా రాసి, డబ్బు మీ ఖాతాలో వేసుకుంటుంటే ఆ వంట సంపాదన మీది. అది మీ పేరునే లెక్కలోకి రావాలి.

యాప్ అన్నీ చూస్తూనే ఉంటుంది

ఈమధ్య గదుల్ని ఫోను యాపుల్లో పెడుతున్నారు. ఆ యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు పాన్ నంబరు అడుగుతుంది. ఇంటిల్లిపాదికీ ఆయన కార్డే ముందు గుర్తొస్తుంది కాబట్టి ఆయనదే ఇచ్చేస్తాం. చిక్కంతా అక్కడే వస్తుంది. యాపులవాళ్లు మనకి చెల్లించే డబ్బు మీద 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం టీడీఎస్ పట్టుకుంటున్నారు. అంతకుముందు ఒక శాతం ఉండేది. వ్యక్తులకి ఏడాది మొత్తం 5 లక్షలు మించకపోతే, పానో ఆధారో ఇచ్చినట్లయితే అదీ పట్టుకోరు. రెండూ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పోతుంది. అలా పట్టుకున్నది ఏ పాన్ ఇచ్చారో వారి పేరునే పన్ను శాఖవారి వార్షిక సమాచార పట్టికలో కనిపిస్తుంది. ఇల్లు మీది, పాన్ ఆయనది అయితే, "ఈ ఆదాయం ఎందుకు చూపలేదు?" అని ఆయనకి సందేశం వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి ఇంటి కాగితాల మీద ఎవరి పేరుంటే, యాప్‌లోనూ వారి పానే ఇవ్వండి, వారి బ్యాంకు ఖాతానే ఇవ్వండి.

జీఎస్టీ అనగానే కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటేదాకా ఈ బసల మీద మనకి రిజిస్ట్రేషను అవసరం లేదు. నేరుగా వచ్చిన అతిథుల దగ్గర జీఎస్టీ పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. యాప్ ద్వారా వచ్చినవారి బిల్లులో జీఎస్టీ కనబడితే అది యాపువాళ్లే వసూలు చేసి కట్టేది. రోజుకి రూ. 7,500 మించని గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది.

కొండమీది అక్కచెల్లెళ్లకి ఒక మాట

లంబసింగి, చింతపల్లి ఏజెన్సీ ప్రాంతం. మనం 1/70 చట్టం అని పిలుచుకునే నిబంధన వల్ల అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. తమ ఇంటి పక్కనే గుడారాలు వేసి, బొంగులో కోడి వండి పెట్టే గిరిజన స్త్రీలు ఎందరో ఉన్నారు. "గిరిజనులకి ఆదాయపు పన్ను ఉండదట కదా" అన్న మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. ఆ మినహాయింపు నాగాలాండ్, మణిపూర్, మిజోరం వంటి ఈశాన్య రాష్ట్రాల్లోనూ, లడఖ్‌లోనూ నివసించే గిరిజనులకే. మన మన్యానికి వర్తించదు. అయినా మామూలు లెక్కలోనే వారిలో దాదాపు ఎవరికీ పన్ను పడదు కాబట్టి భయం లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. మైదానం నుంచి వచ్చినవాడెవడో, "స్థలం మీది, గుడారాలు నావి. మీ పాన్ కార్డూ బ్యాంకు పుస్తకం ఇవ్వండి చాలు, నెలకింత ఇస్తాను" అంటే ఒక్క క్షణం ఆలోచించాలి. సీజనులో లక్షలు ఆ ఖాతాలోంచి వచ్చి పోతే, లెక్క అడిగేది ఖాతా ఉన్న మనిషినే. ఇచ్చింది కొంతే, మోయాల్సింది మొత్తం అవుతుంది. పాన్ కార్డు అరువిచ్చే వస్తువు కాదు.

ఒక నోటుబుక్కు చాలు

ఇదంతా వింటుంటే కొండంత పనిలా అనిపిస్తుంది గానీ, పాలలెక్కా చాకలిపద్దూ రాయడం వచ్చిన మనకి ఇది చిటికెలో పని. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, అతిథి పేరు, ఊరు, ఎన్ని రాత్రులు, ఎంత ఇచ్చారు, నగదా ఫోనా అని రాయండి. గుర్తింపు కార్డు నకలు ఒకటి దాచండి. విదేశీయులెవరైనా దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్లో అధికారులకి తెలియజేయాలి. ఇంటి పన్ను రసీదు ఆ పుస్తకంలోనే పెట్టండి. ఈ రాబడికంటూ మీ పేరున విడిగా ఒక సేవింగ్సు ఖాతా ఉంచుకోండి. గోడమీది క్యూఆర్ కోడు దానిది అయితే మార్చి నెలాఖరుకి లెక్క దానంతటదే తేలుతుంది.

ఉత్త అద్దె అయితే చాలామందికి 'సహజ్' అనే ఫారం సరిపోతుంది. ఆతిథ్యం వ్యాపారమై, ఆ 6 శాతం, 8 శాతం మార్గం పట్టేవారికి 'సుగమ్'. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో రిటర్ను వేయడానికి రుసుము లేదు. వేశాక 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. అది మరిచిపోతే వేసీ వేయనట్టే. 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి పాత 1961 చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చేదానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం. ఇంటి అద్దె లెక్క, ఆ 30 శాతం తగ్గింపు కొత్తదాంట్లోనూ ఉన్నాయి. వెనకటి సంవత్సరాల్లో పన్ను పడే ఆదాయం చూపకుండా వదిలేసినవాళ్లకి కూడా దారి ఉంది. అదనపు పన్నుతో నాలుగేళ్ల దాకా సవరించిన రిటర్ను వేసుకునే వీలు 2025 బడ్జెట్టు ఇచ్చింది. ఆలస్యం అయ్యేకొద్దీ ఆ అదనం పెరుగుతుంది.

పన్ను లేనప్పుడు రిటర్ను ఎందుకు?

నా ఆదాయం 4 లక్షల లోపే. రిటర్ను వేయాలని చట్టం నన్ను బలవంతపెట్టదు. మా పక్కింటి పిన్నిగారు అదే అడిగారు, "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, సున్నా కోసం ఇంత తతంగం ఎందుకమ్మా?" అని.

దానికి జవాబు బ్యాంకులో దొరుకుతుంది. ఇంట్లో బస ఏర్పాటు చేసేవారికి ముద్ర రుణాలు ఇస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో ప్రకటించారు. ఇంకో గది కట్టుకుందామనో, పాత బాత్రూము బాగుచేయిద్దామనో మనం రుణానికి వెళితే మేనేజరుగారు మొదట అడిగేది, "మీ ఆదాయానికి ఆధారం ఏమిటమ్మా?" అని. ఇన్నేళ్లు దుప్పట్లు ఉతికిన చేతుల్ని చూపిస్తామా? మన కష్టమంతా ఆయనగారి రిటర్నులోనో, అసలే రిటర్నులోనూ లేకుండానో కరిగిపోయాక, చూపించడానికి మన దగ్గర ఏముంటుంది? వరసగా రెండు మూడేళ్ల రిటర్నులు మన పేరున ఉంటే ఆ మాటకి జవాబు కాగితం మీదే ఉంటుంది. ఒంటరిగా మిగిలిపోయిన ఆడవాళ్లకి, భర్త పోయాకనో, విడిపోయాకనో ఆ కాగితం విలువ ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఇల్లు మీ పేరున ఉంటే ఈ ఏడాది అద్దె మీ పేరునే చూపించండి. వంట మీదైతే వంట లెక్క మీదిగా రాయండి. ముందుగా ఈ ఆదివారం తీరిగ్గా బీరువా తెరిచి, ఇంటి దస్తావేజు తీసి, అందులో ఎవరి పేరుందో ఒకసారి చదవండి. మా వీధిలో ముగ్గురు చదివారు. ఒకావిడకి పెళ్లయిన పాతికేళ్లకి తెలిసింది, తానుంటున్న ఇంట్లో సగం తనదని!